మందులు ఎవరి చేతికి

ప్రతి మంగళవారం పొద్దున కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కుతాను. ఒళ్లో రిజిస్టరు, సంచిలో ఫారాల కట్ట, ఒక చిన్న మైకు. కామారెడ్డి ఆసుపత్రి మానసిక ఆరోగ్య విభాగంలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. కౌన్సిలర్‌నని చెప్తే ఏ వార్డు అని అడుగుతారు, అందుకని ఆసుపత్రిలో పని చేస్తానని చెప్పి ఊరుకుంటాను. ఆ పని మాట్లాడటమే. మత్తు మానమని, మానినప్పుడు వచ్చే వణుకుకు మందుందని, మతి తప్పినవాళ్లను కట్టేయవద్దని ఊరూరా తిరిగి చెప్పడం. ఏళ్లుగా అవే మాటలు కాబట్టి ఇప్పుడు నోరు దానంతటదే చెప్పుకుపోతుంది. ఆ సేపూ నేను గ్రామ పంచాయతీ గోడ మీది బల్లిని చూస్తుంటాను.

మా వైపు మత్తంటే కల్లు. చెట్టు కింద దొరికే కల్లు వేరు, దుకాణంలో సీసాలతో అమ్మేది వేరు. దుకాణం కల్లులో చెట్టుది ఎంతో, నీళ్లెన్నో, మత్తుమందు పొడి ఎంతో కలిపినవాడికే తెలియాలి. పొడి కలుస్తుందని తాగేవాళ్లకూ తెలుసు. అయినా దాన్ని తాగుడు కింద జమకట్టరు. పొద్దంతా వంగి నాట్లేసిన ఆడవాళ్లకు, బీడీలు చేసి మెడలు పట్టేసిన ఆడవాళ్లకు సాయంత్రం అది అన్నంతో పాటు ఉండాల్సిన వస్తువు. ముందు దేవతకని నేల మీద నాలుగు చుక్కలు సాక పోసి, తరువాత తాగుతారు. తాగితే ఎవరూ ఏమీ అనరు. పక్కన మనిషి ఉండగా ఒక్కరే తాగితే మాత్రం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఎల్లారెడ్డికి దగ్గర్లోని మా ఊళ్లో బీడీలు చేస్తుంది. మా అరుగు మీద ఆమెతో పాటు ఇంకో ముగ్గురు కూర్చుంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. ఒకరికి బీడీ చుట్టే తునికాకు తక్కువైతే ఇంకొకరు ఇస్తారు. ఒకరి చాటలో జర్దా పొగాకు అయిపోతే పక్క చాటలోంచి పిడికెడు వస్తుంది. ఒకరికి జ్వరమొస్తే మిగతా ముగ్గురూ ఆమె వంతు కట్టలు కూడా కట్టి పంపుతారు. సాయంత్రం చాటలు పక్కన పెట్టాక వచ్చే సీసాలూ అంతే, నాలుగు గ్లాసుల్లోకి సమంగా పోతాయి. నాకెంత నీకెంత అన్న మాట ఆ అరుగు మీద నేను ఏనాడూ వినలేదు.

ఇప్పుడు నా అబద్ధం సంగతి చెప్పాలి. అవ్వకు ఒకసారి కామెర్లు వచ్చి నెల పైన కల్లు ముట్టలేదు. తగ్గాక మళ్లీ మొదలుపెట్టింది. మొదలుపెట్టిందని నాకు తెలుసు. అది తెలిసిన కొన్ని వారాలకు కామారెడ్డిలో మా విభాగం వాళ్లందరికీ మీటింగు పెట్టారు. మీలో ఎవరైనా సొంత ఇంట్లో మానిపించారా అని పెద్ద సారు అడిగాడు. అందరూ తలలు దించుకుని ఫైళ్లు చూసుకున్నారు. నాకు ఆ మౌనం మీద కోపం వచ్చింది. లేచి నిలబడి, మా అవ్వతో మానిపించాను సార్ అన్నాను. ఎలా మానిపించానో కూడా చెప్పాను, చెప్తుంటే నాకే బాగనిపించింది. చప్పట్లు కొట్టారు. ఎవరికోసమో తెచ్చిన శాలువా మిగిలిందేమో, అది నాకు కప్పారు. ఇక ప్రతి ఊళ్లో నీ కథే చెప్పమ్మా అన్నారు.

చెప్పాను. దోమకొండలో చెప్పాను, రామారెడ్డిలో చెప్పాను, పిట్లం దాకా పోయి చెప్పాను. శాలువా తీసుకెళ్లి అవ్వకిస్తే, జర్దా దుమ్ము పడకుండా మోకాళ్ల మీద కప్పుకోవడానికి బాగుందన్నది. ఎందుకిచ్చారని అడిగితే, బాగా పని చేస్తున్నానని ఇచ్చారన్నాను. ఆమె ఆ ముగ్గురికీ చూపించింది.

తరువాత కొన్నాళ్లకు ఎక్కడో కల్లు తాగి చాలామంది పడిపోయారని, అధికారులు వచ్చి మా వైపు దుకాణాలన్నీ ఒక్కసారే మూయించారు. మూయించడం మంచిదే. కానీ రోజూ తాగేవాళ్లకు ఆ కల్లు ఉన్నట్టుండి అందకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. రెండో రోజుకే మొదలైంది. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, లేని మనుషులతో మాట్లాడటం. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో నేను వెళ్లే మంగళవారం క్యాంపును రోజూ క్యాంపు చేశారు.

మొదటి రోజు నేను టోకెన్లు రాస్తుంటే అవ్వ ఫోను చేసింది.

"చేతులు నిలుస్తలేవు బిడ్డా. ఆకు చుడితే జర్దా అంత కిందనే పడుతున్నది. నిద్ర లేక రెండు దినాలాయె."

"రేపు క్యాంపుకు రా అవ్వా. మందులు ఇస్తరు." అని, ఇంకో టోకెను రాసిచ్చి, "ఈడ నన్ను బిడ్డా అని పిలవకు" అన్నాను.

"మరి ఏమనాలె?"

"మేడం అను. అందరు అట్లనే అంటరు."

అవ్వ నవ్వింది. ఎందుకని అడగలేదు. ఎందుకని అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. నా కథ విన్న డాక్టరు అక్కడే ఉన్నాడు, నర్సులు ఉన్నారు, శాలువా ఫొటో మా వాట్సాప్ గ్రూపులో ఉంది. మా ఊరి ఆశా వర్కరుకు సంగతి తెలుసు గానీ, ఆమె నోరు విప్పే మనిషి కాదు.

మరునాడు అవ్వ తన అరుగు మీది ముగ్గురిలో ఒకామెను తోడు తెచ్చుకుని వచ్చింది. నేను చిన్నమ్మ అని పిలిచే మనిషి. ఇద్దరూ వరుసలో నిలబడ్డారు. తమ వంతు వచ్చాక అవ్వ నాకు నమస్తే పెట్టి, "మేడం, నిద్ర వస్తలేదు" అన్నది. ఎంత బాగా అన్నదంటే, ఒక్క క్షణం నేనూ ఆమెను కొత్త మనిషిగానే చూశాను. ఫారంలోని ప్రశ్నలన్నీ అడిగాను. రోజుకు ఎన్ని సీసాలు? ఎన్నేళ్ల నుంచి? ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? ఆమె ఒక్కొక్కటికీ జవాబు చెప్పింది. నేను పుట్టకముందు నుంచీ తాగుతోందని ఆ రోజే నాకు తెలిసింది.

ఫారం చివర ఒక గడి ఉంటుంది, మందులు ఎవరి చేతికి ఇచ్చారు అని. మత్తు కొద్దికొద్దిగా దింపే మాత్రలు రోగి చేతికి ఇవ్వకూడదు. తాగని మనిషి, ఇంటి మనిషి, పూటపూటకూ లెక్క చూసి మింగించే మనిషి సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ సంగతి ప్రతి ఊళ్లో మైకులో చెప్పేది నేనే.

"ఇంట్లో ఎవరూ లేరామ్మా?" అని డాక్టరు అడిగాడు.

"లేరు సారూ" అన్నది అవ్వ. నా వైపు చూడలేదు.

నేను ఆ గడిలో చిన్నమ్మ పేరు రాసి, ఆమె చేత సంతకం చేయించాను. చిన్నమ్మ కూడా అదే గ్లాసుల్లోని మనిషని, ఆమె చేతులు కూడా వణుకుతున్నాయని నాకు కనబడుతూనే ఉంది. సంతకం వంకరగా పోయింది. తాగుతుందా అన్న చోట లేదు అని రాశాను. వారానికి సరిపడా మాత్రలున్న కాగితం కవరు ఆమె చేతిలో పెట్టి, వరుసలో తరువాతివాళ్లను పిలిచాను.

మందులిచ్చాక మూడో రోజు మధ్యాహ్నం చిన్నమ్మ ఫోను చేసింది. మీ అవ్వ అరుగు మీది నుంచి పడ్డదని, కొట్టుకుంటున్నదని, నురుగు వస్తున్నదని చెప్పింది. నేను అప్పుడు వేరే ఊళ్లో మైకు పట్టుకుని ఉన్నాను. ఫోను పెట్టేసి, అంబులెన్సుకు చెప్పి, సగంలో ఉన్న మాటను పూర్తి చేసి కూర్చున్నాను. ఏ మాట పూర్తి చేశానో గుర్తు లేదు. నా కథే అయి ఉంటుంది.

నేను పోయేసరికి ఎల్లారెడ్డి ఆసుపత్రి వాళ్లు ఫిట్స్ ఆపి, తలకు కట్టు కట్టి, కామారెడ్డికి పంపమని రాస్తున్నారు. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మందులు ఏవి?" అన్నాను.

"అయిపోయినయి బిడ్డా."

"వారం రోజులవి ఇచ్చిన. ఎట్లయిపోతయి?"

"నలుగురం వేసుకున్నం. వద్దంటే మీ అవ్వ ఇనలే. ముగ్గురు వణుక్కుంట ఎదురుంగ కూసుంటే నేనొక్కదాన్ని ఎట్ల మింగుత, గొంతు దిగుతదా అన్నది. పూటకు నాలుగు తీసి తలా ఒకటి పెట్టింది. నిన్న పొద్దుగాలకే ఒడిసినయి."

చిన్నమ్మ మీద అరవాలనిపించింది. అరవలేదు. సీసా వస్తే నాలుగు గ్లాసులు, మందు వస్తే నాలుగు అరచేతులు. ఆ అరుగు మీద పెరిగినదాన్ని, ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. తెలిసే రాశానేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడు కూడా లోపల ఏమీ కదల్లేదు. ముందు చిన్నమ్మకూ, మిగతా ఇద్దరికీ టోకెన్లు రాసిచ్చి, అంబులెన్సులో అవ్వ పక్కన కూర్చున్నాను. ఎవరు కప్పారో, ఆమె మీద ఆ శాలువా ఉంది. దాని నిండా జర్దా వాసన.

కామారెడ్డిలో నేను రోజూ పనిచేసే వార్డులోనే పడుకోబెట్టారు. రెండు రోజులు ఆమె మనుషులను పోల్చుకోలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ దుప్పటి మీద బీడీలు చేస్తూనే ఉన్నాయి. లేని ఆకు పరవడం, లేని జర్దా పోయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మలవడం. వణుకుతున్నా ఒక్క పనీ వదల్లేదు. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని చూశాను, రాలేదు. పక్క మంచం రోగికి నీళ్లు పట్టించి వచ్చాను.

రెండో రోజు పొద్దున డాక్టరు వచ్చాడు. ఎల్లారెడ్డి క్యాంపులో చూసిన డాక్టరే. ఆమెతో పాటు పంపిన క్యాంపు ఫారం తిప్పుతూ, ఈమె తాలూకు వాళ్లెవరూ రాలేదా అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపల అవ్వ నా మణికట్టు పట్టుకుంది. నా మెడలోని ఐడీ కార్డును చూస్తోంది, నన్ను కాదు.

"మేడం, నా బిడ్డకు చెప్పకుర్రి."

"ఏం చెప్పొద్దమ్మా?" అన్నాడు డాక్టరు.

"నేను పడ్డట్టు చెప్పకుర్రి సారూ. ఆమెది సర్కారు దవాఖాన్ల నౌకరి. మంచిగ పని చేస్తదని శాలువ కప్పిన్రు. నాతోని ఆమె ఇజ్జత్ పోతది."

డాక్టరు శాలువాను చూశాడు. తరువాత నన్ను చూశాడు. మళ్లీ అవ్వ వైపు వంగి, మెల్లగా, "మీ బిడ్డ పేరేందమ్మా?" అని అడిగాడు.

అవ్వ పెదాలు బిగించుకుంది. తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి అడిగినా ఊపింది. తన పేరు అడిగితే చెప్పలేదు, ఊరి పేరు అడిగితే వేరే ఊరు చెప్పింది, ఏడాది తెలియదు, నెల తెలియదు. నా పేరు మాత్రం గుర్తుంది, అది చెప్పకూడదని కూడా గుర్తుంది. చేతులు మళ్లీ బీడీల పనిలో పడ్డాయి.

నేను డాక్టరు చేతిలోంచి ఫారం తీసుకున్నాను. చివరి గడిలో చిన్నమ్మ పేరు కొట్టేసి నా పేరు రాశాను. రోగికి ఏమవుతారు అన్న చోట కూతురు అని రాశాను. ఆయన చదివి, కింద సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టాను. మెమో ఇస్తారనుకున్నాను, ఇప్పటిదాకా ఇవ్వలేదు. నా కథ చెప్పమని కూడా ఇప్పుడెవరూ అడగడం లేదు. మా ఊరి అరుగు దగ్గరికి ఆశా వర్కరు పూటపూటకూ వెళ్లి, ముగ్గురి చేతా మాత్రలు తన ఎదురుగానే మింగిస్తోంది.

ఐదో రోజు పొద్దున నేను మంచం పక్కన కూర్చుని రిజిస్టరు రాసుకుంటుంటే, అవ్వ నన్ను చాలాసేపు చూసింది. ఈసారి నిజంగా నన్నే. మొదట ఆ ముగ్గురికీ మందులు అందాయా అని అడిగింది. అందాయన్నాను. అటు మంచం దగ్గర నర్సు, తలుపు దగ్గర డాక్టరు ఉన్నారు. అవ్వ ఇద్దరినీ చూసి, గొంతు తగ్గించి నన్ను దగ్గరికి రమ్మన్నది.

"ఈడ ఏమని పిలవాలె నిన్ను?"