బాలింతకు చెంబెడు నీళ్ళు

మా చిన్నప్పుడు... బెళుగుప్ప దగ్గర మా ఊళ్ళో, చిన్నమ్మ చెంబెత్తి నోటి దగ్గర పెట్టుకోగానే మా అవ్వ చీపురు తిరగేసి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. చిన్నమ్మకు కాన్పయి మూడో రోజు. చెంబు ఎగిరిపడింది... నీళ్ళన్నీ నేలపాలు.

పచ్చి బాలింతకు నీళ్ళివ్వకూడదని అవ్వ పట్టు. మండే ఎండల్లో, రేకుల గదిలో, సాంబ్రాణి పొగలో... పూటకు రెండు గుక్కల వాము నీళ్ళు. అంతే! చిన్నమ్మ పెదాలు పగిలి నెత్తురు వచ్చేది. పాలు పడక బిడ్డ ఒకటే ఏడుపు.

“ఒళ్ళుబ్బి సస్తావే ముండా!” అని అవ్వ చిన్నమ్మ వీపు మీద మళ్ళీ మళ్ళీ బాదింది. చిన్నమ్మ ఏడవలేదు... తడిసిన చేతిని నాకుతూ కూర్చుంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ అవ్వకు పెద్దకూతురు. ఏనాడూ ఎదురు మాట్లాడి ఎరగదు. ఆరోజు వంటింట్లోంచి ఉరికొచ్చి, అవ్వ చేయి మెలితిప్పి గోడకేసి తోసింది. గాజులు పగిలి అవ్వ ముంజేతి నిండా నెత్తురు...

“మా అత్త నాకు చుక్క గూడా ఈలేదు. నేను బతకలేదా?” అని అరిచింది అవ్వ.

“నువ్వు బతికినావు లేమ్మా... నా తొలిబిడ్డ బతికిందా? నాకూ ఇట్లే చేసినావు గదా! పాలింకిపోయి, ఏడ్చి ఏడ్చి నా ఒళ్ళోనే సచ్చిపాయ!”

నాకు ముందు ఒక అక్క పుట్టిందని అప్పుడే తెలిసింది.

అమ్మ మూలనున్న రోకలి తీసుకుని గడప మీద కూర్చుంది. “తాగే... కడవంతా తాగు. ఎవరు అడ్డమొస్తారో సూస్తా!”

చిన్నమ్మ తాగింది... దగ్గొచ్చినా ఆపలేదు. అవ్వ నెత్తుటి చేతిని కొంగులో చుట్టుకుని చూస్తూ నిలబడింది. చివరికి, “మెల్లగా తాగే... పొలమారతాది” అంది.

తర్వాత పాలు పడ్డాయి. బిడ్డ బతికింది.

మొన్న అనంతపురం ఆసుపత్రిలో నా కూతురు కాన్పు. “నీళ్ళు బాగా తాగమ్మా” అని నర్సు మామూలుగా చెప్పి పోయింది. మా అమ్మ మాత్రం సీసా నింపి మంచం పక్కన పెట్టి, వాకిలికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడెవరూ కొట్టరు లేమ్మా అన్నా లేవలేదు.

కాలం మారింది... మంచిదే. మీ ఇళ్ళలో బాలింత దాహం తీర్చిన మనిషి ఎవరు? ఆమె పేరు కింద రాయండి... ఆ నీళ్ళు అందక పోయిన మా అక్క పేరు కూడా రాద్దామంటే, పేరు పెట్టేదాకా అది బతకనే లేదు.