నాంచారయ్య మాస్టారి నీడ

నాంచారయ్య మాస్టారు పోయారని ఫోనులో చెప్పినప్పుడు నేను నమ్మలేదు సరికదా, చెప్పినవాళ్లని కసురుకున్నాను. "ఆదివారం పొద్దున ఆయన ఇంట్లో ఎందుకుంటాడయ్యా? బంటుమిల్లి వైపు కాలవగట్టు మీద కెమెరా పట్టుకుని తిరుగుతుంటాడు, వెళ్లి చూడండి" అన్నాను. అవతలి మనిషి మెల్లగా, "అక్కడే సార్" అన్నాడు.

కాలవలో గేదెలు కడుగుతున్నవాళ్లు చూశారట. గట్టు మీద మోకాళ్లపై వంగి ఉంటే ఏదో ఫోటో తీస్తున్నారనుకున్నారట. గడ్డిపరక కోసం కూడా ఆయన అలా వంగడం వాళ్లు ఎరిగినదే. ఎంతకీ లేవకపోయేసరికి దగ్గరికి వెళ్లారు. అప్పటికే గుండె ఆగిపోయింది. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. ఒక్క మాటైనా చెప్పకుండా, ఎవరినీ పిలవకుండా, ఆయన ఎంతో ప్రేమించిన ఆ ప్రభాతకాంతిలోనే మృత్యువు ఆయనను తీసుకుపోయింది. దీన్ని అనాయాస మరణమని కొందరు నన్ను ఓదార్చబోయారు. ఆయాసమంతా మిగిలినవాళ్లకే కదా అని వాళ్ల మీదా చిరాకుపడ్డాను.

ఆయనను ఎరగనివారి కోసం చెప్పాలి. బందరులో మా ఉన్నత పాఠశాలలో ఆయన గణితోపాధ్యాయులు, నేను ఆంధ్రోపాధ్యాయుణ్ణి. స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీలు. వయసులో నేను పెద్దవాణ్ణి కనుక నన్ను 'మేష్టారూ' అని పిలిచేవారు, ఆ చనువుతోనే నా ఉపమానాలను ఎగతాళి చేసేవారు. ఉద్యోగం ఆయనకు జీవనాధారం. ఛాయాగ్రహణం ఆయన ఉపాసన. ఎవరి పెళ్లికీ ఫోటోలు తీయలేదు, ఎక్కడా శిష్యరికం చేయలేదు. పాత కెమెరా ఒకటి మెడలో వేసుకుని, స్కూటరు మీద గుడివాడ నుంచి కోడూరు దాకా తిరిగేవారు, అంతే.

ఏం తీసేవారని అడిగితే చెప్పడం కష్టం. ఒకసారి మేమిద్దరం పామర్రు సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడ్డాం. బస్సు రానే వచ్చింది. నేను ఎక్కి సీటు కూడా పట్టాను. చూస్తే ఈయన లేరు. దిగి వెతికితే, సోడా బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఒక ఊరకుక్క నిద్రపోతోంది. సోడా సీసాల గుండా వచ్చిన ఎండ దాని వీపు మీద ఆకుపచ్చగా పడి, అది ఊపిరి తీసినప్పుడల్లా కదులుతోంది. బస్సు వెళ్లిపోయింది. నేను నోటికొచ్చిన సంస్కృతమంతా వాడి తిట్టాను. ఆయన తాపీగా, "రోజూ కనబడేదాన్ని మనం చూడం మేష్టారూ. లెక్కల్లో దాన్ని స్థిరాంకం అని చెప్పి పక్కన పెట్టేస్తాం. నేను ఆ పక్కన పెట్టేసినవాటి కోసం తిరుగుతున్నాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు పామర్రులో బస్సు దిగినప్పుడల్లా వినపడుతుంది. సోడా బండి ఉందా లేదా అని చూసుకుంటాను.

ఆయన చిత్రాలకు ఒక లోపం ఉండేది. మొదటి కెమెరా కొన్నప్పుడు బందరులో ఒక స్టూడియో ఆయన, "సూర్యుడెప్పుడూ నీ వీపు వెనకే ఉండాలి" అని చెప్పాడట. మన వాళ్లందరికీ నేర్పే మొదటి పాఠం అదే. నాంచారయ్యగారు దాన్ని మంత్రోపదేశంలా పట్టుకున్నారు. తిరిగేదేమో పొద్దు పొడిచేవేళ, కుంగేవేళ. ఇక చూడండి, ఏ ఫోటో తీసినా అడుగున పొడుగ్గా ఆయన నీడ. బాతుల గుంపు ముందు, ధాన్యపు రాశి మీద, తడిసిన వల మీద, గుడివాడ రైలుగేటు దగ్గర ఆగిన సైకిళ్ల మీద, అన్నిటి మీదా నీడే. పెడనలో కలంకారీ బట్టలు ఆరేసిన చోట అద్దకం పనివాళ్లు బాహాటంగానే విసుక్కునేవారు. ఒకావిడ కేకేసింది నాకు గుర్తుంది: "ఏవండీ మాస్టారూ, మీ నీడ నా దుప్పటి మీద పడతంది! ఎండాలండీ అది, అవతలికి జరగండి బాబూ!" ఆయన నవ్వుతూ, "వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం" అన్నారు. ఆ నిమిషం ఎప్పటికీ అయ్యేది కాదు.

విజయవాడలో ఏదో ప్రదర్శనకు పంపిస్తే ఆ నీడ కారణంగానే తిప్పి పంపారు. అడుగుభాగం కత్తిరించి మళ్లీ పంపమన్నారు. ఈయన ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండింది. "పిల్లలకి త్రికోణమితి చెప్తావు. నీడ ఎంత పొడుగు పడుతుందో నీకు లెక్క తెలీదా?" అని అడిగేశాను. "తెలుసు కాబట్టే మేష్టారూ" అన్నారు. ఆ జవాబు నాకు అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాను.

అర్థమైంది కోడూరు వెళ్లినరోజు. దివిసీమలో ఆయన పుట్టిన ఊరు చూపిస్తానని తీసుకెళ్లారు. కోడూరు దాటి సముద్రం వైపు చాలా దూరం పోయాక, ఒక రొయ్యల చెరువు గట్టున స్కూటరు ఆపి, "ఇదే మా ఇల్లు" అన్నారు. నీళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లను చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. సాయంత్రపు ఎండకి ఆ తుంపర బంగారు రంగులో లేస్తోంది. ఆయన ఫోటో తీసుకున్నారు. తర్వాత కెమెరా దించి, నా వైపు చూడకుండా చెప్పారు:

"ఉప్పెనలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు మేష్టారూ. నన్ను పామర్రు మేనత్త తీసుకెళ్లి పెంచింది. అప్పటికి బడి ఈడు కూడా లేదు నాకు. మా ఇళ్లల్లో ఫోటోలెక్కడివి? అమ్మ మొహం ఎంత తలుచుకున్నా రాదు. ఒక్కటే గుర్తుంది. పొద్దున్నే వాకిట్లో కూచోబెట్టి చద్దన్నం పెట్టేది. ఎండ నా మీద పడకుండా అడ్డంగా నిలబడేది. కంచంలో ఆవిడ నీడ. దాన్ని చూసుకుంటా తినేవాణ్ణి. ఒక్కసారి తలెత్తి ఉంటే మొహం చూసేవాణ్ణిగా. ఎత్తలేదు."

చెరువు నీళ్ల మీద ఆయన నీడ అవతలి గట్టు దాకా పడి ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చీకటి పడకముందే బయల్దేరుదామని ఆయనే అన్నారు.

ఇప్పుడు ఆయన ఇంట్లో జరిగినది చెప్తాను. పెద్దకర్మకు దండ వేయడానికి ఫోటో కావలసి వచ్చింది. వేలకొద్దీ చిత్రాలు తీసిన మనిషి ఇంట్లో, పెళ్లినాటివి తప్పితే, ఆయన ఫోటో లేదు. ఎవరైనా కెమెరా ఎత్తితే, "ఇటివ్వండి, నేను తీస్తాను" అని ఆయనే లాక్కునేవారు. ఏటా తీసే స్కూలు గ్రూపు ఫోటోల్లో కూడా అందరం ఉంటాం, ఆయన ఉండరు. ఆయన బావమరిది గుడివాడ నుంచి ఒక ఫ్లెక్సీ చేయించి తెచ్చాడు. ఆధార్ కార్డులోని బొమ్మని పెద్దది చేసి, వెనక నీలాకాశం, కింద తామరపూలు పెట్టించాడు. ఆ బొమ్మలో మనిషి బెదిరిపోయి ఎవరినో చూస్తున్నాడు. ఆయన భార్య రత్నకుమారి దాన్ని చూసి, "ఈయనెవరన్నయ్యగారూ?" అని నన్నడిగింది. ఆమెకు మతి చలించిందేమోనని భయపడ్డాను. కాదు. ఆమె సరిగ్గానే అడిగింది.

పెళ్లి ఆల్బం తీశారు. బాసికం కట్టుకున్న బక్కపల్చటి కుర్రాడు. "ఈ పిల్లాడు పోలేదండీ. పోయిన మనిషిని నాకు చూపించండి" అంది. "రేపటినుంచీ రోజూ నేను చూసుకోవాల్సిన మొహం ఇది. తప్పు మొహం పెడితే కొన్నాళ్లకి నేను అసలుది మర్చిపోతాను" అని ఏడ్చింది. ఆ భయం ఎంత నిజమో ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కోడూరు చెరువు గట్టు నా కళ్లలో మెదిలింది.

గట్టు మీద దొరికిన డిజిటల్ కెమెరాను బావమరిది ఆన్ చేసి, అందులోని ఫోటోలు చూశాడు. చివరివి అన్నీ బాతులు, మంచు, కాలవ నీళ్లు, యథాప్రకారం వాటి మీద నీడ. ఆఖరిది మాత్రం వేరు. నేలకు ఆనించి తీసినట్టు గడ్డిపరకలు, మంచుబొట్లు, పక్కకు ఒరిగిపోయిన ఆకాశం. పడిపోతూ వేలు నొక్కి ఉంటుంది. అందులో నీడ లేదు. నేను చూసినవాటిలో ఆయన నీడ లేని చిత్రం అదొక్కటే. ఆ గడ్డి నాకు ఇప్పటికీ కలలోకి వస్తోంది. చాలా అందమైన ఫోటో అది. అంత అందంగా ఉన్నందుకు దాని మీద కోపం కూడా వస్తోంది.

రత్నకుమారి ఆ కెమెరాను ముట్టుకోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, పాతవన్నీ వెనక్కి వెనక్కి తిప్పి ఒకటి పట్టుకుంది. వాళ్ల వసారా. పళ్లెంలో గోంగూర, ఏరుతున్న ఆమె చేతులు. వాటి మీద పడిన నీడ. తలా, భుజాలూ, ఎత్తిన మోచేతులూ. "రోజూ ఇదే గోల. వెలుతురుకి అడ్డు లేవండీ అని కసిరేదాన్ని. లేస్తేనా!" అంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో ఏదో కదిలింది. "ఇదే పెట్టండి."

"నీడకి దండేస్తే జనం నవ్వరా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నవ్వనీ. ఆయన ఉన్నది అందులోనే."

పెద్దకర్మ నాడు షామియానాలో ఆ చిత్రానికే బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్లలో కొందరు నిజంగానే మొహమొహాలు చూసుకున్నారు. పెడన అద్దకం పనివాళ్లు మాత్రం చూడగానే గుర్తుపట్టారు. దుప్పటి మీద నీడ పడనివ్వని ఆవిడ దాని ముందు చాలాసేపు కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నిలబడింది. ఆయన పోవడంతో మా దివిసీమకూ, మా బందరుకూ కలిగిన నష్టాన్ని నేను ఏ విశేషణంతోనూ పూడ్చలేను. మాకు ఊరు లేకపోలేదు, ఎండ లేకపోలేదు. వాటిని ఆగి చూసే మనిషి లేడు.

మొన్న సాయంత్రం పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. వీధి తలుపు తీసే ఉంది. వసారాలో రత్నకుమారి వంగి కూర్చుని గోంగూర ఏరుతోంది. నా వీపు వెనక పొద్దు కుంగుతోంది. గడప దగ్గర ఆగాను.

"వెలుతురుకి అడ్డు లేవండీ" అంది ఆమె, తలెత్తకుండానే.

అన్నాక ఆమె చేతులు ఆగిపోయాయి. పళ్లెంలో నీడ అలాగే ఉంది. తలెత్తితే అది ఎవరిదో తెలిసిపోతుంది. ఆమె ఎత్తలేదు. నేను ఆ మహానుభావుడికి చేతులు జోడించి నమస్కరించాలనుకున్నాను. నీడ కదులుతుందని జోడించలేదు.