కృపాబాయి సరుగుడు చెట్టు

అరబ్బు దేశంలో, సముద్రం ఒడ్డున, మా ఖబూరా ఆసుపత్రి క్వార్టర్స్ వెనక ఒక చెట్టు ఉండేది. సన్నటి పుల్లల్లాంటి ఆకులు, గాలి వీస్తే ఒకటే హోరు. డెబ్బై నాలుగులో నర్సులుగా వచ్చిన మేము మొదటి క్రిస్మస్‌కి దాని కొమ్మే నరికి, దూది అంటించి, రంగు కాగితాలు కట్టాం, మన కోస్తాలో సరుగుడు కొమ్మతో చేసినట్టే. అది సరుగుడు కాదేమోనన్న ఆలోచనే మాకు రాలేదు. డ్యూటీలు చేసి ఒళ్లు హూనమైనవాళ్లకి చెట్ల కులగోత్రాలు ఎందుకు?

కృపాబాయిది మా పక్క గది. భర్త ప్రేమచంద్ అదే ఆసుపత్రిలో కాంపౌండర్, బాపట్ల సరుగుడు తోటల మధ్య పెరిగినవాడు. ఆమె గుంటూరు టౌన్ మనిషి. కూతురు దెబోరాని అక్కడే హాస్టల్లో వదిలి వచ్చారు. కాంట్రాక్టు ముగిసేసరికి కృపాబాయికి ఓపిక అడుగంటింది. ఇంటికి పోదామంది. ఆయన ఇంకొన్నాళ్లన్నాడు. ఎటూ తేలక మరో ఏడాదికి సంతకాలు పెట్టి, మావాళ్లకి అలవాటైన పనే చేశారు. ప్రార్థన చేసి దేవుణ్ణి ఒక గుర్తు అడిగారు. వచ్చే క్రిస్మస్‌లోగా ఆ చెట్టు కాయలు కాస్తే ఇంటికి, లేకపోతే ఇక్కడే. గుర్తు ఆమే ఎంచింది. ఆయన వెంటనే సరేనన్నాడు. దేనికీ వెంటనే సరే అనే మనిషి కాదు.

ఆ ఏడాదంతా ఆమె చెట్టు చుట్టూ తిరిగింది. ఎండాకాలం పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి కొమ్మ వంచితే చేతిమీద నీళ్లు కారేవి, ఆరాక ఉప్పు మిగిలేది. "సముద్రపు గాలి కదా లీలా" అనేది నాతో. ఎండలు తగ్గాక లేత గులాబి రంగు పూత పట్టింది. ఆ రోజు మా గదికొచ్చి తనే టీ కాచి ఇచ్చింది, దెబోరాకి గౌను ఏ కొలతకి కుట్టించాలని అడిగింది. పూత రాలింది. దూది పింజల్లాంటివేవో గాలికి ఎగిరిపోయాయి. కాయ మాత్రం లేదు. రాలిన ముళ్లకాయ ఒక్కటైనా కాలికి గుచ్చుకోకపోతుందా అని చెప్పుల్లేకుండా ఇసుకలో నడిచేది, పిచ్చితల్లి.

క్రిస్మస్ దగ్గర పడ్డాక వార్డు ఆయా సఫియా చూసి ఏం వెతుకుతున్నావంది. కృపాబాయి చెప్పింది.

"ఇది అథల్ చెట్టు, సిస్టర్. ఇక్కడిదే. నువ్వు చెప్పే కాయలు దీనికి ఉండవు" అంది సఫియా తన హిందీలో. "మొదటి ఎండాకాలమే మీ సాబ్‌తో చెప్పాను. 'మా ఊరి చెట్టులాగే ఉంది, మరి కాయలేవీ?' అని ఆయనే అడిగాడు."

ఆ సాయంత్రం గోడ అవతలి మాటలు నాకు వినపడ్డాయి. అరుపులేమీ లేవు.

"నేను గుర్తు అడిగినప్పుడే మీకు తెలుసా అండీ?"

"తెలుసు" అన్నాడు ప్రేమచంద్. "నాకు పోవాలని లేదు కృపా. నీ మొహం మీద ఆ మాట అనలేకపోయాను."

"అనాల్సింది. ఏడ్చి ఊరుకునేదాన్ని. నా బిడ్డ దగ్గరికి దేవుడే పోనివ్వట్లేదనుకుని, ఏడాదంతా ఆయన మీద కోపం పెట్టుకున్నా."

 

మర్నాడు ఆమె ఆసుపత్రి ఆఫీసుకెళ్లి, వాళ్లు తమ దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు అడిగింది. నేనూ వెంట ఉన్నాను. క్లర్కు మొగుడిదీ పెళ్లాందీ రెండూ తీసి బల్లమీద పెట్టాడు. కృపాబాయి తనది మాత్రం తీసుకుంది.