అత్తగారి అరెకరంలో అవకాడో, పాషన్ ఫ్రూట్

మా అత్తగారికి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం నిడదవోలుకు దిగువన, పంట కాలువను ఆనుకొని ఉండేది. తొంభైల చివరికల్లా దానికి రెండు పక్కలా ఉన్న వరిచేలు చేపల చెరువులైపోయాయి. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, దీన్ని కూడా తవ్వించి పక్క చెరువులో కలిపేద్దామన్నారు. ఒకసారి చెరువుగా తవ్విన నేల మళ్ళీ నేల కాదని అత్తగారి వాదం. పళ్ళతోట వేస్తానన్నారు. నెల రోజుల వాదన తరవాత బావగారు ఒక మాట మీదికి వచ్చారు.

"సరేనమ్మా. నువ్వు పెట్టిన మొక్క ఒక కాపు కాయనీ. ఆ కాయ చూశాక మాట్లాడుకుందాం. అప్పటిదాకా తవ్వే మిషన్ రాదు."

ఆ వారమే అత్తగారు కడియం నర్సరీలకు వెళ్ళి రెండు పాషన్ ఫ్రూట్ తీగలు, రెండు అవకాడో అంట్లు తెచ్చారు. రెండింటిలో ఏది మేలో తేల్చే పని నాకు అప్పగించారు. నేను చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో కెమిస్టుని. చెరకు రసంలో తీపి ఎంతుందో కొలిచి చెప్పడం నా ఉద్యోగం.

గళ్ళ కాగితం మీద పట్టిక గీశాను. పాషన్ ఫ్రూట్ దొండపాదులా పందిరి ఎక్కుతుంది, ఏడాది తిరక్కుండా కాస్తుంది. పండులో తీపీ పులుపూ రెండూ ఉంటాయి; గుజ్జును గింజలతో సహా తినాలి. తనంతట తాను రాలి, తొక్క ముడతలు పడితేనే అది పండినట్టు. అవకాడోలో తీపి దాదాపు లేదు, ఉన్నది నూనె. కాయ చెట్టు మీద మెత్తబడదు, కోసి మాగవేయాలి. అంటు మొక్కయినా కాపుకు నాలుగైదేళ్ళు పడుతుంది. ఈ చివరి అంశాన్ని లోపంగా గుర్తించి ఎర్ర సిరాతో రాశాను. అన్నిటికీ మించి, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే అవకాడో బతకదు. రెండు చెరువుల ఊట మధ్య ఉన్న జిగట నేలలో దాన్ని పెట్టకపోవడమే మంచిదని కింద గీత గీసి మరీ ముగించాను.

అత్తగారు ఆసాంతం చదివారు. "అవకాడోకి మట్టిదిబ్బ ఎంతెత్తు ఉండాలి?"

"అది వద్దనే కదా అత్తయ్యా రాశాను."

"రాశావులే. ఎంతెత్తో చెప్పు."

మోకాలెత్తున రెండు దిబ్బలు వేయించి, టేపుతో కొలిచి, అంట్లు నాటించాను. తీగలను కాలువ గట్టు వారగా పెట్టించి ఇనప తీగతో పందిరి కట్టించాను.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ ఆదివారం వెళ్ళి చూస్తే దిబ్బలు లేవు. వాటి స్థానంలో చక్కగా పాదులు తీసి ఉన్నాయి. వాటిలో చీలమండ లోతు నీళ్ళు. పక్కన మా మావగారు పార పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆయన జీవితమంతా వరి తప్ప మరొకటి పండించలేదు.

"ఏంటండీ ఇది, మావయ్యగారూ?"

"దిబ్బ మీద పోస్తే నీళ్ళన్నీ జారిపోతున్నాయమ్మా. అందుకే చదును చేశాను."

"జారిపోవాలనే కదండీ దిబ్బ వేసింది."

"నీళ్ళు జారిపోవడానికి కష్టపడి దిబ్బ కట్టుకున్న రైతుని నేనెక్కడా చూళ్ళేదు."

మూడు ఆదివారాలు వివరించాను. వేరు కుళ్ళితే నీరు పీల్చుకోలేదు, అందుకే ఆకు వాడుతుంది అని బొమ్మ గీసి చూపించాను. ఆయన బొమ్మను మర్యాదగా చూసేవారు. మరుసటి రోజు రెండు పూటలా నీళ్ళు పెట్టేవారు.

"ఆకు వాడిందంటే దాహం. దీనికి లాబరేటరీ ఎందుకమ్మా?"

శ్రావణమాసానికి రెండు అంట్లూ చచ్చిపోయాయి. ఒకదాన్ని పెకలించి నల్లబడిన వేళ్ళు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, "చూశావా, నీళ్ళు చాలక ఎలా మాడిపోయాయో" అన్నారు. అత్తగారు ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. నేను వద్దన్న మొక్క కోసం అంత కోపం దేనికో నాకు బోధపడలేదు.

తీగలు మాత్రం మార్చి నెలకల్లా విరగకాశాయి. బావగారు రుచి చూడటానికి వచ్చారు. అత్తగారు కింద రాలిన ముడతల పళ్ళన్నీ ఊడ్చి గేదెకు వేసి, తీగ మీదనుంచి నున్నటి కాయలు ఏరి కోసి తెచ్చారు. ముడతలు పడితేనే పండినట్టని పట్టికలో రాసిన వరుస ఎవరికీ గుర్తులేదన్నమాట. బావగారు ఒక చెంచా నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు.

"నిమ్మకాయలో గింజలు కలిపినట్టుందమ్మా."

నేను గేదె ముందునుంచి ఒక ముడతల పండు తెచ్చి, తీపి కొలిచే పరికరంలో దాని రసం వేసి ఆయనకు చూపించాను.

"మీటరు చూసి ఎవరూ కొనరమ్మా, కాయని చూసి కొంటారు. ఈ ముసలి కాయని రాజమండ్రి మార్కెట్లో ఎవరు ముట్టుకుంటారు?" అని, తల్లి వైపు తిరిగారు. "కాపు చూసేశాం. వేసవికి కాలువలు కట్టెయ్యగానే మిషన్ రమ్మంటాను."

"తీగ కాపు చూశావు. చెట్టు కాపు చూళ్ళేదుగా" అన్నారు అత్తగారు.

"చెట్టేదీ?"

"మళ్ళీ పెడతాను. పెట్టిన మొక్క కాయనీ అన్నావు. రెండు రకాలు పెట్టాను, ఒకటే కాసింది."

బావగారు నన్ను అడిగారు. "అదెన్నేళ్ళకి కాస్తుందమ్మా?"

"నాలుగేళ్ళు. ఒక్కోసారి ఐదు" అన్నాను. నేను ఎర్ర సిరాతో రాసిన ఆ ఒక్క వరుస కోసమే ఆవిడ పట్టిక మొత్తం చదివారని అప్పుడు తెలిసింది.

"కోర్టుకెళ్ళకుండానే స్టే తెచ్చుకున్నావే" అన్నారు బావగారు. నవ్వి, మాట మాటేనన్నారు.

మర్నాడు కడియం బస్సులో అత్తగారిని నిలదీశాను. "ముందే చెప్తే ఆ పట్టికంతా గీసేదాన్ని కాదు కదా, అత్తయ్యా."

"ముందే చెప్తే నిన్న నాలుగేళ్ళని అంత నిబ్బరంగా చెప్పేదానివి కాదు" అన్నారావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఈసారి నాలుగు అంట్లు తెచ్చాం. దిబ్బలు నడుమెత్తున వేయించాను. ఈ చెట్లు పోతే నా అరెకరం పోయినట్టేనని అత్తగారు మావగారికి అందరి ముందూ చెప్పారు. రెండు చనిపోయి రెండు నిలిచాయి. ఐదో ఏడు వాటికి పూత వచ్చి, మొత్తం రాలిపోయింది. ఆ సంగతి అత్తగారే ఫోన్ చేసి చెప్పారు. గొంతులో విచారమేమీ లేదు.

"పూత కాపు కింద లెక్క కాదు కదమ్మా?"

సాంకేతికంగా కాదన్నాను.

"ఆ మాట మీ బావగారికి నువ్వే ఫోన్ చేసి చెప్పు" అన్నారు.