ఏసోబు వద్దన్న చోట వేసిన గాలం

నాలుగేళ్ళుగా రాస్తూనే ఉన్నాను, ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎవరూ అంటే ఏసోబు. క్రిస్మస్‌కి శుభాకాంక్షలు పంపాను, జవాబు లేదు. నా మోకాలి నొప్పి గురించి రెండు పేరాలు రాశాను, అయినా లేదు. చదవడం మాత్రం చదువుతాడు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి. అందుకే ఈసారి మీ ముందు పెడుతున్నాను. ముందే చెబుతున్నా, ఇందులో ఒక విందు సర్వనాశనం అవుతుంది. తప్పెవరిదో చివర్న మీరే తేల్చండి.

అప్పుడు నేను డొంకరాయి ప్రాజెక్టు ఆఫీసులో గుమాస్తాని. ఏసోబు ఇల్లు ఆనకట్ట వెనక, నీటి ఒడ్డున. శనివారం పొద్దున్నే తన దోనెలో నన్ను కొర్రమీను వేటకు తీసుకెళ్ళేవాడు. బియ్యం బస్తాని తీసుకెళ్ళినట్టే అనుకోండి. వెనక కుదేసి, "కదలకండి బాబూ" అనేవాడు. రెండేళ్ళలో నా గాలానికి తగిలింది ఒక పాత చెప్పు, ఒకసారి నా చొక్కా. ఏసోబు నవ్వేవాడు. ఆ నవ్వులన్నీ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి.

చివరికి ఆన్‌లైన్‌లో ఖరీదైన గాలం కర్ర, దానికో ప్లాస్టిక్ కప్ప తెప్పించాను.

"ఈ కప్పేటి బాబూ, సబ్బుబిళ్ళలా ఉంది?"

"నవ్వు, నవ్వు. ఇవాళ చూద్దువు గాని."

"సర్లెండి. రేపు మా మనవరాలికి పేరెడతన్నాం. రాజవొమ్మంగి నుంచి వియ్యపోళ్ళు దిగుతారు. మీరూ బోజనానికి రావాల."

దోనె మునిగిన చెట్ల మొద్దుల మధ్యకి చేరింది. ఒక మొద్దు పక్కన నాచు దట్టంగా తేలుతోంది. దాని కింద బుడగలు. ఒకటా రెండా! అన్నం ఉడుకుతున్నట్టు ఉంది.

"అటు ఎయ్యకండి బాబూ," అన్నాడు ఏసోబు.

"ఏం?"

"వొద్దు, అంతే."

అంతే అట! మంచి చోటు తనకు దాచుకుని, నాకు చెప్పుల చోటు. అతడు అటు తిరిగి డబ్బాతో దోనెలోని నీళ్ళు తోడుతుండగా, గురి చూసి విసిరాను. కప్ప నాచు మధ్యలో పడింది. లాగాను. బరువు! దోనె ముక్కు అటు తిరిగింది.

"ఏసోబూ! పడవనే లాగేస్తోంది!"

"అదేటి లాగడం బాబూ, మీరే లాగుతన్నారు! వొదిలీండి! బేగి వొదిలీండి!"

"నీకు అసూయ!"

"ఓలమ్మో, నా మాటినండి!"

వినలేదు. కాళ్ళు అడ్డంపెట్టి, పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజాను. టప్‌మని ఏదో తెగి, నా ఒళ్ళో వచ్చి పడింది. చేప కాదు, వెదురు బుట్ట మూత.

మీకిప్పుడు అసలు సంగతి చెప్పాలి. విందు కోసం వారం నుంచి పట్టిన కొర్రమీలను ఏసోబు బుట్టలో వేసి, చావకుండా సగం నీటిలో ఉంచి, ఆ మొద్దుకు కట్టాడు. ఎండ తగలకుండా పైన నాచు కప్పాడు. పట్టిన చేప పొయ్యెక్కేదాకా నీటి మీద దాని ఊసెత్తకూడదని అతని పట్టింపు. అందుకే "వొద్దు, అంతే". నా తప్పా ఇది?

ఏడు కొర్రమీలు ఒక్కొక్కటే పైకి వచ్చి, నింపాదిగా గాలి పీల్చుకుని, మా కళ్ళముందే మునిగిపోయాయి.

ఏసోబు నా ఒళ్ళోంచి మూత తీసుకుంటూ అన్నాడు: "రెండేళ్ళకి సేపలకాడికి సేరేరు బాబూ. అయ్యి నాను పట్టీసినవే."

మర్నాడు విందులో పప్పు, గుడ్డు కూర. వియ్యంకుడు విస్తరిలోకి, ఆనకట్ట వైపు మార్చి మార్చి చూశాడు. ఏసోబు నా పేరు చెప్పలేదు. నా విస్తట్లో రెండో గుడ్డు వేసి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఆ నెలలోనే నాకు బదిలీ అయింది.

ఇప్పుడు అనకాపల్లిలో మూడో అంతస్తు. గాలం కర్ర తలుపు వెనక ఉంది. పొద్దున్నే పంపు విప్పితే దోనె అంచుకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు గుర్తొస్తుంది. మంచు లేచే వేళ బీడీ ముట్టించి, నన్ను చూసి నవ్వే ఆ మొహం కూడా. ఆ నవ్వుల మీద నా ఫిర్యాదులన్నీ ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను.

ఇక నా ప్రమాణం: డొంకరాయి నీటిలో ఏ బుడగ లేచినా, అది ఎవరిదో విచారించకుండా గాలం విప్పను.

ఏసోబూ, దోనెలో వెనక చోటు ఖాళీగా ఉందా? బస్తాలాగే కూర్చుంటాను. కదలను. ఇది కూడా చదివి ఊరుకోకు. ఉందో లేదో, ఒక్క మాట రాయి.