చెల్లెలి చేతి కొలత

మొన్న సాయంత్రం పై వాటాలో ఉండే పదో తరగతి అమ్మాయి సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చి, గ్రంథుల బొమ్మ వేసి చూపించమంది. చిత్తూరులో ఇరవై ఆరేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఆ బొమ్మ కళ్ళు మూసుకుని వేస్తాను. మెడ దగ్గర సీతాకోకచిలుకలా థైరాయిడ్, మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు, జీర్ణాశయం వెనక క్లోమం, అన్నీ చకచకా వేసేశాను. మెదడు కింద పిట్యూటరీకి చుక్క పెట్టాల్సిన చోట పెన్సిల్ ఆగిపోయింది. మా చెల్లెలు గుర్తొచ్చింది.

చెల్లెలిది నగరి. ఇంట్లో మరమగ్గాలు. తెగిన పోగును మాటల మధ్యలోనే ముడేసే మనిషి. నాలుగేళ్ళ కిందట కూతురి సీమంతానికి గాజులు కొందామని వచ్చింది. మా పెళ్ళిళ్ళకు ముందు నుంచీ మాకు గాజులు వేసే సాయిబులామె అంగడికి వెళ్ళాం. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఏం మా, మూడేండ్ల కింద నీకి రెండు-ఆరు కొలత గాజు ఎక్కె. పోయినేడు రెండు-ఎనిమిది. ఇప్పుడు రెండు-పది గూడా కణుపుల కాడ నిలస్తా ఉండాది" అంది. వయసు మీద పడితే లావవరా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "కండైతే వొత్తితే అణుగుతాది మా. ఇది ఎముక." చెల్లెలు మాత్రం తేలిగ్గా, "చెప్పులు గూడా రెండుసార్లు మార్చినానక్కా" అంది.

చెల్లెల్ని బస్సెక్కించి వచ్చి, చారుకు పోపు పెడుతుంటే తట్టింది. ఎముకల ఎదుగుదల ఆగిపోయిన వయసులో పిట్యూటరీ పెరుగుదల హార్మోనును ఎక్కువగా వదిలితే మనిషి పొడుగవడు, చేతులూ పాదాలూ దవడా వెడల్పవుతాయని ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో. పోపు మాడిపోయింది. ఆల్బమ్ తీసి చెల్లెలి పెళ్ళి ఫోటో పక్కన ఫోన్లో ఆ రోజు తీసిన ఫోటో పెట్టుకున్నాను. ముక్కు వేరు, దవడ వేరు.

తిరుపతిలో పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ నా అనుమానమే నిజమంది. పుర్రె అడుగున చిన్న ఎముక గుంటలో, మెదడు నుంచి సన్నని కాడతో వేలాడే బఠాణీ గింజంత గ్రంథి. దాని మీద గడ్డ. క్యాన్సర్ కాదు గానీ, పైనున్న చూపు నరాలకు ఆనుతోంది. ముక్కులోంచి వెళ్ళి తీయాలి. ఆపరేషన్ రోజు పొద్దున నేను జడ వేస్తుంటే చెల్లెలు మెల్లిగా, "సూపు పోతే పోగు యట్ల ముడేసేదక్కా" అంది. నా భయం చూపుతో ఆగలేదు. మిగతా గ్రంథులకు హుకుం జారీ చేసేది ఆ గింజే. దానికి దెబ్బ తగిలితే థైరాయిడూ అడ్రినలూ కూడా పని మానేస్తాయి. ఆ పాఠం తెలియకపోతే ఆపరేషన్ గది బయట బెంచీ మీద అంత భయపడేదాన్ని కాదేమో.

చెల్లెలికి మెలకువ రాగానే కళ్ళ ముందు వేళ్ళు చూపించాను. "మూడు" అంది. నా వంక చూసి, "తల దువ్వుకో పోక్కా, నిన్ను సూడలేకుండా ఉండాను" అంది.

హార్మోను తగ్గింది. వేళ్ళ వాపు కొంత దిగింది గానీ వెడల్పయిన ఎముక అలాగే ఉండిపోయింది. ఏటా పరీక్ష చేయించాలి. పాత ఫోటోలు చూసి డాక్టరమ్మ, ఇది మొదలై ఎనిమిదేళ్ళయినా అయుంటుందంది. ఆ ఎనిమిదేళ్ళూ ప్రతి పండక్కీ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఒక్క రోజులో మారిన ముఖమైతే పసిగట్టేదాన్ని. కాలం రోజుకింత చొప్పున మారుస్తూ పోతే, ప్రతిసారీ ఇదే నా చెల్లెలి ముఖమని ఒప్పుకుంటూ వచ్చాను.