అమ్మ కూరిన తూటాలు

పోయిన ఆదివారం పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా ఇంటి వెనక కుళాయి దగ్గర కూర్చుని, దసరాకి బయటికి తీసిన ఇత్తడి సామానంతా ముందేసుకుని చింతపండుతో తోముతుంటే, మా పాప వచ్చి ముక్కు చిట్లించి, "మమ్, ఇట్ స్మెల్స్ లైక్ కాయిన్స్" అనేసి లోపలికి పారిపోయింది. దానికది చిల్లర వాసన. నాకు మాత్రం ఆ తడి ఇత్తడి వాసన, పులుపూ లోహమూ కలిసి గొంతులో కాస్త గరగరలాడే ఆ వాసన, పెర్త్‌కి తూర్పున మూడు గంటల దూరంలో, గోధుమ పొలాల నడుమ ఉన్న ఒక చిన్న ఊళ్ళో మా రేకుల షెడ్డు వాసన. ఆ షెడ్డులో చెక్క బల్ల ముందు నిలబడి, తన రివాల్వర్‌కి కావలసిన తూటాలు తానే కూరుకునేది మా అమ్మ.

అమ్మ ఆ ఊరికి డాక్టరు. నాన్న అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఇద్దరిదీ ఒంగోలు వైపు. ఆ ఊళ్ళో తెలుగు వినిపించే ఇల్లు మాదొక్కటే. ఎండాకాలం వస్తే పొద్దెక్కకముందే ఇంటి కప్పు రేకులు టపటపలాడేవి, ఈగలు కంటికొలకుల్లోకి దూరేవి, కోత యంత్రాలు లేపిన పొట్టు దుమ్ము సాయంత్రపు ఆకాశంలో పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టు నిలిచిపోయేది. చలికాలంలో నాలుగు చినుకులు పడగానే ఎర్రమట్టీ యూకలిప్టస్ ఆకూ తడిసి ఊరంతా అప్పుడే తలంటుకున్నట్టుండేది. వసంతం రాగానే మన ఆవపువ్వు లాంటి కనోలా పువ్వు కనుచూపు మేరా పూసి, బడి బస్సు కిటికీలోంచి చూసి చూసి కళ్ళు పచ్చబడేవి. గులాబిరంగు పొట్టల గాలా చిలకలు గుంపులు గుంపులుగా మా కంచె మీద వాలి, ఎవరో తిట్టుకుంటున్నట్టు అరిచేవి.

మా పక్కింట్లో రాన్ అంకుల్ ఉండేవారు. జీవితమంతా గోధుమ పండించి, భార్య పోయాక పొలం అమ్మేసి ఊళ్ళోకొచ్చి చేరిన పెద్దాయన. ఎండకి కాలి కాలి ఇటుకరంగు తేలిన మెడ, రుబ్బురోలు పొత్రంలా గరుకైన అరచేతులు. ఊరి పిస్టల్ క్లబ్బులో ఆయన్ని మించిన గురికాడు లేడని ఊరంతా చెప్పేది. ఊరు చెప్పకపోతే ఆయనే చెప్పుకునేవారు. ఒకసారి దగ్గుమందు కోసం క్లినిక్‌కి వచ్చి, మీ ఆయన్ని ఆదివారం మధ్యాహ్నం క్లబ్బుకి పంపించమని అడిగారట. నాన్న తలుపు గట్టిగా పడినా ఉలిక్కిపడే మనిషి. ఆయన రారు గానీ నేనొస్తానని అమ్మ చెప్పింది.

మొదటి ఆదివారం మేమంతా వెళ్ళాం. ఊరి బయట ఎత్తుగా పోసిన మట్టికట్ట, దాని ముందు వరసగా నిలబెట్టిన అట్టలు, ఇవతల రేకుల పందిరి, మడత కుర్చీలు, కాగే టీ నీళ్ళు. రాన్ అంకుల్ కాల్చినప్పుడు వచ్చిన పొగ గాలివాటున మా మీదికి వచ్చేసరికి అమ్మ కళ్ళు మూసుకుని దాన్ని నిండుగా పీల్చింది. ఆ ముఖం నేనంతకుముందు చూడలేదు. మేమున్నచోట టపాకాయలు మామూలు మనుషులు కాల్చకూడదు. దీపావళేమో సరిగ్గా కోతల వేళకి, ఒక్క నిప్పురవ్వకి పొలాలకి పొలాలు అంటుకునే రోజుల్లో వస్తుంది. మా దీపావళి రెండు ప్రమిదలతో వంటగదిలోనే అయిపోయేది. కానీ అమ్మ చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ దసరా వెళ్ళగానే చాపలు పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఇంట్లోనే సిసింద్రీలూ మతాబులూ కూరేదట. ఆ కథ నాకు ఆ రోజు కారులో ఇంటికొస్తూ అమ్మ మొదటిసారి చెప్పింది, చెబుతూ చెబుతూ ఊరి మలుపు దాటి ముందుకెళ్ళిపోయింది.

పరీక్షలూ పోలీసుల విచారణా తుపాకి దాచడానికి గోడకి బిగించిన ఇనప పెట్టె, అన్నీ పూర్తయి లైసెన్సు చేతికొచ్చేసరికి ఏడాది గడిచింది. కొన్న తూటాలతో అమ్మ కొన్నాళ్ళే కాల్చింది. కొన్న తూటా హోటలు భోజనం లాంటిదనీ, గురికాడనేవాడు తన వంట తానే వండుకోవాలనీ రాన్ అంకుల్ సిద్ధాంతం. ఆయనే మా షెడ్డులో బల్ల బిగించి, దానికి తూటాలు బిగించే పొడవాటి పిడి ఉన్న ఇనప ప్రెస్ అమర్చి, అమ్మకి ఆ పని నేర్పారు.

షెడ్డులో ఆ పని జరిగే పూట ఇల్లే మారిపోయేది. ఫోను లోపలే ఉండాలి, రేడియో కట్టెయ్యాలి, నాన్న వంటింట్లో తాలింపు వేస్తున్నా కేకేసి పిలవకూడదు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుని, మాట్లాడకుండా చూడొచ్చు. కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి డొల్లల్ని రాన్ అంకుల్ నిమ్మ ఉప్పు నీళ్ళలో కడిగేవారు. అమ్మ చింతపండు రసంలో నానేసేది. మొదట నవ్విన పెద్దాయన, తళతళలాడే అమ్మ డొల్లలు చూశాక ఇండియన్ షాపులో దొరికే ఆ నల్ల ముద్ద తనకీ తెప్పించుకున్నారు. ఆరిన డొల్లల్ని అమ్మ దోసిట్లోకి తీసుకుని గలగలా ఆడించేది. కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తారే, అలాగ. మంచివన్నీ గాజుల్లా ఘల్లుమనేవి. వాటిలో పగిలింది ఒక్కటున్నా ఆ ఘల్లులో ఒక మూగ చప్పుడు కలిసేది, అమ్మ ఆగి, వెతికి, దాన్ని తీసి పక్కన పడేసేది. తర్వాత ప్రెస్ పిడి కిందికీ పైకీ, కిందికీ పైకీ. ఊళ్ళో సగంమంది గుండె విన్న ఆ చేతులు, మా జ్వరాలు చూసిన ఆ చేతులు, చిటికెడు తుపాకిమందుకి తక్కెడ ముందు అంత నెమ్మదిగా కదలడం చూస్తుంటే నాకు ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలనిపించేది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు జలదరించే ఘట్టం చివర్లో వచ్చేది. మందు పోసిన డొల్లల్ని చెక్క పలక గుంతల్లో నిలబెట్టి, అమ్మ టార్చిలైటు పట్టుకుని ఒక్కొక్కదాని నోట్లోకీ తొంగిచూసేది, నా గొంతు నొప్పికి చూసినట్టే. మందు పడనిదున్నా ప్రమాదమే, రెండుసార్లు పడిందున్నా ప్రమాదమే. అలా చూశాకే వాటి నెత్తిన సీసపు గుండు కూర్చునేది.

"ఇక్కడ మరుపు పనికిరాదమ్మా" అనేది నాతో. "కూరలో ఉప్పు మర్చిపోతే మీ నాన్న సణుగుతాడు, అంతే. ఇక్కడ మర్చిపోతే చెయ్యి పోద్ది."

దీపావళికి అమ్మ నెయ్యి కారేలా సున్నుండలు చుట్టి క్లబ్బుకి పట్టుకెళ్ళేది. అవి చూడటానికి ఫిరంగి గుళ్ళలా ఉన్నాయని వాళ్ళంతా వాటికి డాక్టర్ గారి గుళ్ళని పేరు పెట్టారు. సాసేజీలు కాలుతున్న పొగలో, స్టీలు డబ్బా చుట్టూ మూగి టోపీల పెద్దమనుషులు సున్నుండలు తింటుంటే, మినప్పిండి అంటిన వాళ్ళ తెల్ల మీసాలు చూసి నాకు నవ్వాగేది కాదు. పెర్త్ నుంచి మా ఇంటికి వచ్చే తెలుగువాళ్ళకి మాత్రం ఈ సంగతి మింగుడుపడేది కాదు. ఒక ఆంటీ నాన్నని చాటుగా, మీరెట్టా ఊరుకున్నారు అన్నయ్యా అని అడిగింది. ఊరుకోకపోతే ఏం చేస్తానమ్మా, ఆవిడకి గురి తప్పదు అన్నాడు నాన్న.

అది జరిగింది కనోలా పూతలో ఉన్న రోజుల్లో, క్లబ్బు వాళ్ళు ఏటా పెట్టుకునే పోటీనాడు. అమ్మ వంతు అయిపోయి, రివాల్వర్ ఖాళీ చేసి పెట్టేసి పందిరి కిందికి వచ్చి నా పక్కన నిలబడింది. రాన్ అంకుల్ కాలుస్తున్నారు. త్వరత్వరగా కాల్చాల్సిన వంతు అది. చెవులకి మేమంతా మఫ్‌లు పెట్టుకునే ఉన్నాం. ఢామ్మని ఒకటి, ఢామ్మని ఇంకొకటి, ఆ తర్వాత తడిసిన టపాకాయలా తుస్సుమని ఒకటి. ఆయన చెయ్యి ఎప్పట్లా పేలుడు దెబ్బకి పైకి ఎగరలేదు. ఆయన గమనించలేదు. బొటనవేలు మళ్ళీ రివాల్వర్ వెనకనుండే సుత్తి మీదికి వెళ్ళింది.

"ఆగు!" అని అరిచింది అమ్మ.

తెలుగులో అరిచింది. ఆ మైదానంలో ఆ మాట తెలిసినవాళ్ళం అమ్మా నేనే. అయినా మఫ్‌లని దాటి ఆ కేక చెవిన పడగానే రాన్ అంకుల్ ఆగిపోయారు. బొటనవేలు గాల్లోనే ఉండిపోయింది. క్లబ్బు అధికారి అందర్నీ ఆపించి, ఆయన చేత రివాల్వర్ కింద పెట్టించి, ఖాళీ చేయించి, గొట్టంలోకి సన్నటి ఇత్తడి కడ్డీ దూర్చాడు. సగందాకా వెళ్ళి టక్కున ఆగింది. మందు పడని తూటాలోని గుండు బయటికి పోయే బలం లేక గొట్టంలో ఇరుక్కుపోయింది. దాని వెనక ఇంకొకటి పేలి ఉంటే ఆ రివాల్వర్ ఆయన చేతిలోనే చీలిపోయేది. దూరంగా గాలా చిలకలు అరుస్తున్నాయి. ఆయన ఆ కడ్డీని చూస్తూ, ఇది నేను కూరిందే అన్నారు.

మర్నాడు సాయంత్రం ఆయన మా వరండాలోకి వచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మందు పాతబడిందేమో, తక్కెడ పాడయిందేమో అని ఏవేవో చెబుతున్నారు. అమ్మ అంతా విని, నా క్లినిక్ గోడ మీద కళ్ళు పరీక్షించే అక్షరాల బోర్డుంది కదా, అది చదవండి అంది. క్లినిక్ అక్కణ్ణించి రెండు వీధుల అవతల ఉంది. ఆయన అలవాటు చొప్పున పై అక్షరం నుంచి మొదలుపెట్టి, వరస తర్వాత వరస గడగడా చదువుకుంటూ పోయి, చిన్న అక్షరాల దగ్గరికి వచ్చాక ఒక్కసారి ఆగి, అమ్మ ముఖం చూసి, తల దించుకున్నారు. ఎడమకన్ను ఎప్పుడో మసకేసిందట. కుడికంటికీ మొదలైందట. బోర్డు బట్టీపట్టి, కారు లైసెన్సుకి అమ్మ చేసే కంటిపరీక్షని కొన్నేళ్ళుగా దాటుకుంటూ వచ్చారు.

అమ్మ ఆయన్ని పెర్త్‌లో కంటి డాక్టరు దగ్గరికి పంపింది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పింది. ఆయన కారు లైసెన్సు రద్దయింది. బస్సుల్లేని ఆ ఊళ్ళో కారు పోవడమంటే కాళ్ళు పోవడమే. రాన్ అంకుల్ మాతో మాట్లాడటం మానేశారు. కంచె మీదుగా ఆయన అందించే నిమ్మకాయలు ఆగిపోయాయి. సూపర్‌మార్కెట్‌లో కొందరు అమ్మని చూసి పక్క వరసలోకి తప్పుకునేవాళ్ళు. కాస్త చూసీచూడనట్టు పోవాల్సిందేమో అని ఒకరోజు అన్నం దగ్గర నాన్న మెల్లగా అన్నాడు.

"ఎట్టా పోతాను చెప్పు" అంది అమ్మ. "రేపు ఆయన బండి కింద ఏ బిడ్డన్నా పడితే, ఆ బిడ్డని తెచ్చేది నా బల్ల మీదికే గదా."

ఆ తర్వాత అమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. అప్పుడు నాకు అమ్మంటే భయంతో కూడిన గౌరవమేదో కలిగింది. గురి చూసి కాల్చినప్పుడు కూడా అంత కలగలేదు.

వాన చినుకులు మొదలైన కాలంలో ఒక ఆదివారం, మేం షెడ్డులో ఉండగా గుమ్మంలో నీడ పడింది. రాన్ అంకుల్ తన డొల్లల పెట్టె చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళకి కొత్త అద్దాలు. క్లబ్బులో పక్కన ఒకరు నిలబడేట్టయితే కొన్నాళ్ళు కాల్చుకోవచ్చని అందరూ ఒప్పుకున్నారట. ఆయన లోపలికి రాలేదు.

"టార్చ్ వర్కింగ్, డాక్?" అన్నారు.

అమ్మ సొరుగులోంచి టార్చి తీసి, వెలిగించి చూపించింది. ఆయన లోపలికి వచ్చి పెట్టె బల్ల మీద పెట్టారు. మందు పని ఏనాడూ ఒంటరిగా చెయ్యకూడదనీ, తన అమ్మమ్మ కూడా పక్కన ఇంకో జత కళ్ళు లేకుండా సిసింద్రీ కూరేది కాదనీ అమ్మ ఆయనకి ఇంగ్లీషులో చెప్పింది. సిసింద్రీ అన్న మాట ఆయన నోట తిరగలేదు, రెండు మూడుసార్లు ప్రయత్నించి నవ్వేశారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళిద్దరూ ఒకే బల్ల ముందు పనిచేశారు. పిడి ఆయన లాగేవారు, టార్చితో అమ్మ చూసేది. ఆయన తూటా ఆయన ముందు, అమ్మది అమ్మ ముందు. గంటలు గడిచినా ఇద్దరి మధ్యా పది మాటలుండేవి కావు. నేను యూనివర్సిటీ చదువుకి పెర్త్ వెళ్ళి సెలవులకి వచ్చినప్పుడు కూడా అదే దృశ్యం, ఇద్దరి జుట్టూ మరికాస్త తెల్లబడి. చివరికి అట్ట మీది నల్ల వలయం కూడా కంటికి ఆనడం మానేశాక, ఆయన ఇస్త్రీ కోటు వేసుకుని, అమ్మని కారు తియ్యమని అడిగి, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి తన రివాల్వర్ తనే అప్పగించి వచ్చారు. దారంతా వానల గురించే మాట్లాడారట. ఆ మరుసటి చలికాలం దాటలేదు ఆయన. కొన్ని నెలలకి అమ్మ కూడా తన రివాల్వర్ అప్పగించేసింది.

ఇప్పుడు అమ్మానాన్నా హారిస్‌డేల్‌లోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటున్నారు. పోయిన నెల వాళ్ళని కారెక్కించుకుని ఆ ఊరు చూసొచ్చాం. క్లబ్బు పక్క ఊరి క్లబ్బులో కలిసిపోయింది. మట్టికట్టని చదును చేసేశారు, ఎక్కడ నిలబడి కాల్చేవాళ్ళో ఆనవాలు పట్టలేనంతగా కనోలా పూసింది. రాన్ అంకుల్ ఇల్లు పడగొట్టి రెండు కొత్త ఇళ్ళు కట్టారు. మా షెడ్డులో ఎవరిదో పడవ ఉంది. సున్నుండలు తిన్న ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు.

తిరిగొస్తుంటే అమ్మని అడిగాను, ఆ రివాల్వర్ ఉంచుకోవాల్సింది కదా, పెర్త్‌లో క్లబ్బులు లేవా, అంత ఇష్టమైన పని అంత తేలిగ్గా ఎందుకు వదిలేశావని.

"కాల్చటం నాకేమంత ఇష్టం లేదే" అంది అమ్మ, కిటికీలోంచి చూస్తూ. "ఆయన పక్కన నిలబడి కూరటం ఇష్టం."

నేను కారు వేగం తగ్గించాను. అమ్మ ముందుకి వంగి, ముందు సీట్లోని నాన్నకి బీపీ మాత్ర వేసుకునే వేళయిందని గుర్తుచేసి, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.